ఫ్యూజా, ఎమ్‌సీబీయా, ఆర్‌సీసీబీయా: సిక్కోలు, విజయనగరం ఇళ్లలో ముందు ఏది పెట్టించాలి?

ఇల్లు కట్టేటప్పుడు కరెంటు పని దగ్గరికి వచ్చేసరికి మన వైపు డబ్బంతా కంటికి కనబడే వాటికే పోతుంది. హాల్లో సీలింగ్ లైట్లు, మెరిసే స్విచ్ ప్లేట్లు, గేటు స్తంభాల మీద రెండు దీపాలు. తలుపు వెనక డబ్బాలో ఏం పెట్టాలి, ఎర్త్ పైపు ఎక్కడ దించాలి అన్నవి మాత్రం పని చేసేవాళ్లకే వదిలేస్తాం. గట్టిగా అడిగితే "ఎమ్‌సీబీలు పెట్టేశాం కదండీ, ఇంకేటి భయం?" అంటారు. శ్రీకాకుళంలోనూ ఇదే మాట, బొబ్బిలిలోనూ ఇదే మాట. ఆ మాట గోడలోని వైర్లకు సరిపోతుంది. ఇంట్లో మనుషులకు సరిపోదు.

ఎమ్‌సీబీ అంటే ఓవర్‌లోడ్‌కు, షార్ట్‌కు తనంతట తానే పడిపోయి లైను తెంచే స్విచ్. ఆర్‌సీసీబీ అంటే కరెంటు భూమిలోకి లీకైతే అలా పడిపోయే స్విచ్. ఏది దేన్ని కాపాడుతుంది, మన నేలకు, మన ఉప్పు గాలికి, మన తుపాన్లకు ఏది నిలుస్తుంది, చేతిలో కొద్దిగా డబ్బుంటే ముందు ఏది కొనాలి అన్నది ఇక్కడ చూద్దాం.

డబ్బాలో ఉండాల్సింది ఏమిటి

ముందు ఒక చిన్న లెక్క. తడి చేతులతో, చెప్పుల్లేకుండా నిలబడ్డ మనిషి శరీరం సుమారు 1000 ఓమ్‌ల నిరోధం ఇస్తుందనుకుందాం. ఇంటి కరెంటు 230 వోల్టులు. అంటే షాక్ కొట్టినప్పుడు ఆ మనిషి గుండా పోయేది 0.23 ఆంపియర్లు, అంటే 230 మిల్లీ ఆంప్స్. ఇంచుమించు 50 వాట్ల బల్బు తీసుకునేంత. గుండె లయ తప్పడానికి ఇందులో సగం కూడా అక్కర్లేదు. ఆ లైనుకున్న 16 ఆంప్స్ ఎమ్‌సీబీకి మాత్రం ఇది లెక్కలోకే రాదు. పదహారు ఆంపియర్లు దాటితే కదిలే పరికరం పావు ఆంపియర్‌కు ఎందుకు కదులుతుంది? మనిషి తీగ పట్టుకుని విలవిల్లాడుతున్నా అది ఆన్‌లోనే ఉంటుంది. ఫ్యూజు కూడా అంతే.

ఆ రెండూ పనికిరావని కాదు. ఓవర్‌లోడ్ అయినప్పుడు, షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు వైరు కాలిపోకుండా, ఇల్లు అంటుకోకుండా ఆపేవి అవే. వాటిలో ఏది మేలంటే నేను తడుముకోకుండా ఎమ్‌సీబీ అంటాను. పాత పింగాణీ ఫ్యూజుల దోషం వాటి తయారీలో లేదు, మన చేతుల్లో ఉంది. ఫ్యూజు పోయిన రాత్రి సరైన తీగ దొరకదు. మిగిలిపోయిన రాగి వైరు నాలుగు పోగులు మెలేసి చుట్టేస్తారు. ఇక ఆ ఫ్యూజు ఎప్పటికీ పోదు, దాని బదులు గోడలో వైరు పోతుంది. ఎమ్‌సీబీని అలా మోసం చెయ్యలేం. ఒక్కటే షరతు, వైరు మందాన్ని బట్టి దాని రేటింగ్ ఉండాలి. లైట్లు, ఫ్యాన్ల 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకు 6 లేదా 10 ఆంప్స్, పవర్ ప్లగ్గుల 2.5 వైరుకు 16, ఏసీకి వేసే 4 వైరుకు 20. మాటిమాటికీ పడిపోతోందని 16 తీసి 32 పెట్టడమంటే ఆ రాగి పోగుల పనే మళ్లీ చెయ్యడం.

మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. అది చేసే పని చాలా సూటిగా ఉంటుంది. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు ఎప్పటికప్పుడు పోల్చి చూస్తూ ఉంటుంది. వెళ్లినంతా తిరిగి రాలేదంటే మధ్యలో ఎక్కడో, ఎవరి ఒంట్లోంచో భూమిలోకి పోతోందని లెక్క. ఆ తేడా 30 మిల్లీ ఆంప్స్‌కు చేరేలోపే లైను తెంచేస్తుంది. 150 మిల్లీ ఆంప్స్ దాటిన లీకేజీకి సెకనులో ఇరవై అయిదో వంతు, అంటే 0.04 సెకను మించి తీసుకోకూడదు. పైన లెక్క వేసిన 230 ఆ కోవలోకే వస్తుంది. షాక్ తగులుతుంది, మనిషి అరుస్తాడు, కాని చెయ్యి వదిలించుకుని బయటపడతాడు.

అది చెయ్యని పనులూ తెలుసుకోవాలి. ఒక చేత్తో ఫేజు, రెండో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే దానికి తేడా కనబడదు, పడదు. ఓవర్‌లోడ్‌కు, షార్ట్‌కు కూడా పడదు. కాబట్టి ఆర్‌సీసీబీ ఎమ్‌సీబీకి బదులు కాదు, రెండూ ఉండాలి. రెండు పనులూ కలిపి ఒకే పరికరంలో కావాలంటే దాన్ని ఆర్‌సీబీవో అంటారు.

షాపులో ఇంకా చాలామంది "ఈఎల్‌సీబీ" అనే అడుగుతారు, వాళ్లూ అదే పేరుతో ఇస్తారు. పేరు పట్టించుకోకండి, దాని ఒంటి మీద రాసింది చదవండి. 30 మిల్లీ ఆంప్స్ అని, ఐఎస్ 12640 అని, ఐఎస్ఐ గుర్తు ఉండాలి. "30 అయితే ఊరికే పడిపోతాదండీ, 100ది పట్టుకెళ్లండి" అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వద్దనండి. 100, 300 మిల్లీ ఆంప్స్ రకాలు లీకేజీ వల్ల మంటలు రాకుండా పెట్టేవి, మనిషి గుండె కోసం కాదు. 'ఏసీ' రకమా, 'ఏ' (A) రకమా అని ఇంకో ఎంపిక వస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఏసీ, కొత్త వాషింగ్ మెషీన్, ఇండక్షన్ స్టవ్ లాంటివి ఉంటే ధర కొంచెం ఎక్కువైనా 'ఏ' రకమే తీసుకోండి. వాటి లోపలి ఎలక్ట్రానిక్స్ నుంచి వచ్చే లీకేజీని 'ఏసీ' రకం సరిగ్గా పసిగట్టలేకపోవచ్చు. పేరులేని చవక సరుకులో కొన్ని పని చెయ్యడానికి లోపల కరెంటు కావాలి. న్యూట్రల్ తెగిన రోజున అవి పడవు. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు ప్రతి గాలివానకూ ఊగే మన ఊళ్లలో ఆ రకం అసలే వద్దు.

ధర సంగతి. సింగిల్ ఫేజు ఇంటికి సరిపోయే రెండు పోల్స్ 40 ఆంప్స్, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ మంచి కంపెనీది రెండు వేల రూపాయల అటూ ఇటూ ఉంటుంది. త్రీ ఫేజు సర్వీసుకు నాలుగు పోల్స్‌ది కావాలి, అది ఇంకొంచెం ఎక్కువ. ఒక సీలింగ్ ఫ్యాన్ ఖరీదు ఇది. ఇంత తక్కువకు ఇంత పని చేసేది ఇంటి కరెంటు సామాన్లలో ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం.

ఇల్లంతటికీ ఒకటా, రెండా?

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు, దాని ఫలితం ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

ఇల్లంతటికీ ఒకే ఆర్‌సీసీబీ పెడితే ఖర్చు తక్కువ, పని తేలిక. కాని మనకు జూన్ నుంచి నవంబరు దాకా తడే. వానాకాలం పోయిందనుకునేసరికి తుపాన్లు మొదలవుతాయి. గేటు దీపంలోకి నీళ్లు చేరతాయి, పెరట్లో మోటారు కేబుల్ జాయింటు తడుస్తుంది. చిన్న లీకేజీ మొదలవగానే అర్ధరాత్రి ఇల్లంతా చీకటి. ఫ్యాన్ లేదు, పిల్లలు ఏడుపు. మళ్లీ ఎత్తితే మళ్లీ పడుతుంది. రెండు రాత్రులు ఇలా జరిగితే మూడో రోజు ఎవరో ఒకరు వచ్చి దాన్ని "డైరెక్ట్" చేసి పోతారు.

అలా డైరెక్ట్ చేసిన డబ్బా మూత తీసి చూస్తే పైకి అంతా బాగానే కనబడుతుంది. ఆర్‌సీసీబీ దాని చోటులోనే ఉంటుంది, మీట పైకే ఉంటుంది. కాని దాని పైన మెయిన్‌లోంచి రెండు వైరు ముక్కలు పక్కగా దిగి, దాన్ని తాకకుండా ఒకటి ఎమ్‌సీబీల కింద ఉన్న రాగి పట్టీకి, ఇంకోటి న్యూట్రల్ పట్టీకి కలిసిపోయి ఉంటాయి. కరెంటంతా ఆ పక్కదారిన పోతోంది. అది పని చేస్తోందో లేదో చూడటానికి దాని మీద ఉండే, టి అని రాసున్న చిన్న బటన్ నొక్కితే ఇంట్లో ఒక్క దీపమూ ఆరదు. ఇంట్లోవాళ్లు మాత్రం మాకు ఆర్‌సీసీబీ ఉందనే ధైర్యంతో ఉంటారు. అసలు లేని ఇంటికంటే ఇది ప్రమాదం, అక్కడ కనీసం జాగ్రత్తైనా ఉంటుంది.

కాబట్టి రెండు పెట్టించండి. లోపలి గదుల లైట్లకు, ప్లగ్గులకు ఒకటి. మోటారు, బయటి దీపాలు, బాత్‌రూమ్ గీజరు లాంటి తడి లైన్లకు రెండోది. వానలో బయట లైను పడిపోయినా లోపల ఫ్యాను తిరుగుతుంది, ఎవరికీ డైరెక్ట్ చెయ్యాలన్న ఆలోచన రాదు, పొద్దున్న తీరిగ్గా లీకేజీ ఎక్కడో వెతికించుకోవచ్చు. చేతిలో డబ్బుంటే గీజరుకు, మోటారుకు విడివిడిగా ఆర్‌సీబీవోలు పెట్టుకోవడం ఇంకా మంచిది. రెండు పెట్టినప్పుడు ఒక గుంపు న్యూట్రల్ రెండో గుంపు న్యూట్రల్‌తో ఎక్కడా కలవకూడదు. కలిస్తే లీకేజీ లేకపోయినా పడుతూనే ఉంటాయి. పాత ఇళ్లలో "ఆర్‌సీసీబీ మా ఇంటికి సరిపడలేదు" అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి కారణం ఈ కలిసిపోయిన న్యూట్రలే, పరికరం కాదు.

ఇన్వర్టర్ ఉన్నవాళ్లు ఒక సంగతి చూసుకోవాలి. మెయిన్ కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు దానికి ముందున్న ఆర్‌సీసీబీ ఆ లైన్లను కాపాడలేదు. ఇన్వర్టర్ నుంచి బయటికొచ్చే లైనుకు వేరే రక్షణ ఎలా ఇవ్వాలో పని తెలిసిన ఎలక్ట్రీషియన్ని అడిగి పెట్టించుకోండి.

ఎర్తింగ్: సముద్రం ఒడ్డున ఒక కథ, మెట్ట మీద ఇంకో కథ

"మాకు ఎర్తింగ్ బాగుంది, ఆర్‌సీసీబీ ఎందుకు?" అనేవాళ్లకు ఇంకో లెక్క. ఎర్త్ నిరోధం 5 ఓమ్‌లు అనుకుందాం, ఇళ్లలో అది మంచి ఎర్త్ కిందే లెక్క. గీజరు బాడీకి ఫేజు తగిలితే భూమిలోకి పోయేది 46 ఆంప్స్. 16 ఆంప్స్ సి రకం ఎమ్‌సీబీ క్షణంలో పడాలంటే కనీసం 80 ఆంప్స్ కావాలి, ఖాయంగా పడాలంటే 160. 46 ఆంప్స్‌కు అది వేడెక్కి పడాలి, అందుకు చాలా సెకన్లు పడుతుంది. ఈలోపు గీజరు బాడీ మీద, దాని కుళాయి మీద ప్రాణం తీసేంత వోల్టేజీ ఉంటుంది. ఎర్త్ 20 ఓమ్‌లైతే పోయేది 11.5 ఆంప్స్, ఎమ్‌సీబీ ఎప్పటికీ పడదు. అదే ఆర్‌సీసీబీ ఉంటే ఎర్త్ 100 ఓమ్‌లున్నా 2.3 ఆంప్స్ పోతుంది, ఎవరూ ముట్టుకోకముందే లైను తెగిపోతుంది.

ఎర్త్ లేకపోయినా ఆర్‌సీసీబీ పడుతుంది, కాని అప్పుడు లీకేజీ కరెంటు మనిషి ఒంట్లోంచి పోయాకే పడుతుంది. ఎర్త్ ఉంటే మనిషికంటే ముందే పడుతుంది. రెండూ కావాలి. ఒకదాన్నే ముందు చెయ్యగలిగితే నేను ఆర్‌సీసీబీకే ఓటేస్తాను, ఎర్త్ పని మాత్రం వెనకాలే చేయించమంటాను.

ఎర్త్‌లో ఏ రకం అన్నది ఊరిని బట్టి ఉంటుంది. కళింగపట్నం, భావనపాడు, బారువ, ఇటు పూసపాటిరేగ, చింతపల్లి వైపు నేలలో తడి ఉంటుంది, ఉప్పు ఉంటుంది. కరెంటును తీసుకోవడంలో ఆ నేల మంచిదే. కష్టం తుప్పుతోనే. అలాంటి ఊళ్లో కొన్నేళ్ల నాటి ఎర్త్ పైపు దగ్గర కూర్చుని చూడండి. పైపు చుట్టూ బిగించిన క్లాంపు పొరలు పొరలుగా లేచి, గోరు తగిలితే రాలిపోతుంది. నట్టు, బోల్టు ఒకే ముద్దైపోయి ఉంటాయి. దానికి చుట్టిన రాగి తీగ పచ్చగా తిరిగి, చేత్తో లాగితే ఊడి వచ్చేస్తుంది. భూమిలో పైపు ఉంది, ఇంట్లో ఎర్త్ వైరు ఉంది, మధ్యలో అరంగుళం చోట సంబంధం తెగిపోయింది. ప్లగ్గులో మూడో కన్ను ఉత్తిదే. రాగిని జీఐ పైపుకు, అంటే జింకు పూత ఇనప పైపుకు, నేరుగా చుట్టేస్తే ఈ ఉప్పు గాలికి తుప్పు ఇంకా తొందరగా పడుతుంది.

అందుకని ఒడ్డు ఊళ్లకు నా సలహా రాగి పూత రాడ్డు, చుట్టూ ఎర్తింగ్ పౌడరు. షాపుల్లో కెమికల్ ఎర్తింగ్ అంటారు. మామూలు జీఐ పైపు, బొగ్గు, ఉప్పు పద్ధతికంటే ఖర్చెక్కువే, కాని అక్కడ ఉప్పు వెయ్యడమంటే ఇనుము తినే దానికి ఇంకా మేత వెయ్యడమే. జాయింటు మీద గ్రీజు రాసి, మూత ఉన్న చాంబర్లో పెట్టి, ఏడాదికోసారి విప్పి చూడాలి.

చీపురుపల్లి, గజపతినగరం, బొబ్బిలి మెట్టల్లో ఎర్ర నేల, కింద గరప. ఇక్కడ తుప్పు బాధ తక్కువ, ఎండ బాధ ఎక్కువ. ఏప్రిల్, మే వచ్చేసరికి నేల ఎండిపోయి ఎర్త్ నిరోధం పెరిగిపోతుంది. వానాకాలంలో కొలిస్తే బాగున్న ఎర్త్ ఎండాకాలంలో పేరుకే ఎర్త్. ఇక్కడ జీఐ పైపు ఎర్తింగ్ సరిపోతుంది, బొగ్గు, ఉప్పు పొరలతో, పైన నీళ్లు పొయ్యడానికి గరాటు పెట్టి. భారత ప్రమాణం ఐఎస్ 3043 ప్రకారం పైపు లోపలి వ్యాసం 38 మిల్లీమీటర్లకు, పొడవు రెండున్నర మీటర్లకు తక్కువ కాకూడదు, గోడకు కనీసం మీటరున్నర దూరంలో దించాలి. గరప తగలగానే "చాలండీ" అని నాలుగడుగులకే ఆపేస్తారు. ఆగనివ్వకండి. దిగకపోతే బోరు మిషనుతో కన్నం వేయించండి, లేదా ఇంకో చోట రెండో పైపు దించి రెండూ కలపండి. ఎండాకాలం వారానికి రెండు బిందెల నీళ్లు ఆ గరాటులో పోస్తే చాలు. ప్లేటు ఎర్తింగ్ ఇళ్లకు నేను చెప్పను. గొయ్యి పెద్దది, జాయింటు లోతులో పడి మళ్లీ చూసుకునే వీల్లేదు.

ఎర్త్ బాగుందో లేదో చూడటానికి మన వైపు అందరూ చేసేది బల్బు పరీక్ష. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 100 వాట్ల బల్బు పెడతారు, వెలిగితే బాగున్నట్టు. ఆ బల్బు నిరోధమే 529 ఓమ్‌లు. ఎర్త్ 50 ఓమ్‌లున్నా అది దాదాపు పూర్తి వెలుగుతోనే వెలుగుతుంది. ఎర్త్ ఎక్కడో తెగి ఉంటే పరీక్ష చేసేంతసేపూ ఆ తీగకు తగిలించిన ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ బాడీలన్నిటికీ ఫేజు పాకుతుంది. ఎర్త్ టెస్టర్ ఉన్నవాళ్లను పిలిచి అంకె చెప్పించుకోండి, ఆ అంకె డబ్బా మూత మీద తేదీతో రాయించండి.

స్నానం నీళ్లు: రాడ్డా, గీజరా, గ్యాసా?

మనకు చలి గట్టిగా ఉండేది డిసెంబరు, జనవరి. ఆ కొద్ది రోజుల కోసం హీటర్ రాడ్డు కొని బకెట్లో వేస్తారు. ఈ మూడింట్లో అదే అన్నిటికంటే ప్రమాదకరం, నేను ఏ ఇంటికీ సిఫారసు చెయ్యను. పై తొడుగు చిట్లితే నీళ్లంతా ఫేజే. వేడెక్కాయో లేదో అని వేలు పెట్టి చూడటం మనకున్న అలవాటు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇంకేం చెప్పాలి? వాడక తప్పకపోతే ప్లాస్టిక్ బకెట్, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు, స్విచ్ ఆపి ప్లగ్గు పీకాకే నీళ్లలో చెయ్యి. ఇనప బకెట్ ముట్టుకోనే వద్దు.

ఆర్‌సీసీబీ, ఎర్త్ రెండూ ఉన్న ఇంట్లో గీజరు మంచిది. 15 లీటర్ల నిల్వ రకం సాధారణంగా 2 కిలోవాట్లు, 9 ఆంప్స్ లోపు. మూడు లీటర్ల ఇన్‌స్టంట్ రకం 3 కిలోవాట్లు, 13 ఆంప్స్. పాత వైరింగ్ ఇంటికి నిల్వ రకమే మేలు. రెండింటికీ 16 ఆంప్స్ ప్లగ్గు, 2.5 వైరు, బాత్‌రూమ్ బయట స్విచ్ తప్పనిసరి. ఆర్‌సీసీబీ, ఎర్త్ లేని పెంకుటింట్లో మాత్రం గ్యాస్ మీద ఒక గిన్నెడు నీళ్లు కాచుకోవడమే అన్నిటికంటే క్షేమం. నెలా రెండు నెలల చలికి గ్యాస్ ఏమంత అయిపోదు.

ఏ పరికరమూ కాపాడలేని చోటు: దండెం

బట్టలారేసే దండేనికి జీఐ తీగా, నైలాన్ తాడా? చిన్న విషయంలా కనబడుతుంది. జీఐ తీగ సాగదు, తెగదు, తక్కువకు వస్తుంది. అందుకే రేకుల షెడ్డు రాటకు ఒక కొస, కిటికీ ఊచకు ఇంకో కొస కట్టేస్తారు. ఒక్కోసారి సర్వీసు వైరును మోసే ఇనప పైపుకే కట్టేస్తారు. గాలికి ఊగి ఊగి సర్వీసు వైరు పై తొడుగు ఒరుసుకుపోతుంది. ఒక రోజు వానలో తడిసిన చీర ఆరేస్తుంటే ఆ తీగంతా ఫేజై ఉంటుంది. ఆడవాళ్లు, వాళ్లను పట్టుకోబోయిన ఇంట్లోవాళ్లు ఇలా పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉంటాం.

సర్వీసు వైరు మీటరుకు ముందే ఉంటుంది. మీ డబ్బాలోని ఆర్‌సీసీబీకి అక్కడ జరిగేది కనబడదు, అది ఎంత మంచిదైనా పడదు. ఇక్కడ కాపాడేది నైలాన్ తాడు ఒక్కటే. ఇవాళ సాయంత్రమే తీగ విప్పేసి తాడు కట్టండి. సర్వీసు వైరు ఎక్కడైనా రేకును, చెట్టును, ఇనుమును ఒరుసుకుంటుంటే కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ నంబరు 1912కు ఫోన్ చేసి చెప్పండి, మీరు కర్రతో పక్కకు నెట్టే పని పెట్టుకోకండి.

వైర్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డులు

వైర్లలో ఎఫ్ఆర్ మంటను పాకనివ్వదు, ఎఫ్ఆర్ఎల్ఎస్ దానితోపాటు పొగ కూడా తక్కువ విడుస్తుంది. తేడా కొద్ది రూపాయలే, గోడలో ఒకసారి వేసేది కాబట్టి రెండోదే తీసుకోండి. కొత్త రాగి వైరును పాత అల్యూమినియం వైరుకు మెలేసి టేపు చుట్టడం వద్దు, అక్కడ వేడి పుడుతుంది. పాత పెంకుటిళ్లలో వాసాల వెంట పోయిన వైర్లను ఎలకలు కొరుకుతాయి, అక్కడ గోడ మీద నుంచి పీవీసీ పైపులో లాగించుకోవడమే తేలిక, పైకప్పు కారి నీళ్లు తగిలితే కనబడుతుంది కూడా.

2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ దాదాపు 9 ఆంప్స్ లాగుతుంది. దాన్ని 6 ఆంప్స్ ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెడితే ప్లగ్గు నల్లబడటం ఖాయం. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నులు చేసే కన్వర్టర్లు ఇంట్లో ఉంటే పారెయ్యండి, ఎర్త్‌కు పెట్టిన ఖర్చంతా అవి వృథా చేస్తాయి.

స్టెబిలైజరా, కటాఫా, సర్జ్ రక్షణా?

లో వోల్టేజీ, హై వోల్టేజీ ఊళ్లలో స్టెబిలైజర్ ఫ్రిజ్‌కు, ఏసీకి పనికొస్తుంది. కాని టీవీలు మాడిపోయే ప్రమాదం ఎక్కువగా వచ్చేది న్యూట్రల్ తెగినప్పుడు, అప్పుడు కొన్ని ఇళ్లకు 300 దాటి 400 వోల్టుల దాకా పోవచ్చు. దానికి డబ్బాలోనే పెట్టే ఓవర్, అండర్ వోల్టేజీ కటాఫ్ మేలు. అది వోల్టేజీని సరిచెయ్యదు, హద్దు దాటితే మొత్తం ఆపేస్తుంది. త్రీ ఫేజు సర్వీసు ఉన్నవాళ్లకు ఇది తప్పనిసరి అంటాను. పిడుగు వల్ల లైనులో ఒక్కసారిగా ఎగసే వోల్టేజీకి సర్జ్ ప్రొటెక్టర్ వేరే ఉంటుంది, మంచి ఎర్త్ లేకపోతే అది అలంకారమే. దగ్గర్లో పిడుగు పడితే ప్లగ్గు పీకేయడాన్ని మించిన రక్షణ లేదు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ పిడుగుల హెచ్చరికలు పంపుతుంది, దామిని యాప్ కూడా ఉంది. ఉరుము వినబడకముందే పీకండి.

డబ్బును బట్టి

రెండు, మూడు వేలే ఉంటే: ఒక 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, ఒక నైలాన్ తాడు. ఇంకేం కొనకండి. ఇంకొంచెం ఉంటే ఎర్త్ కొలిపించి బాగుచేయించి, మిగిలిన ఫ్యూజులు తీయించి ఎమ్‌సీబీలు పెట్టించండి. ఆ తర్వాతే రెండో ఆర్‌సీసీబీ, కటాఫ్. స్టెబిలైజర్లు, అలంకారం లైట్లు అన్నిటికంటే చివర. కొత్తగా కడుతున్నవాళ్లు ఇవన్నీ ఒకేసారి చేయించుకోవచ్చు, మొత్తం ఇంటి ఖర్చులో ఇది పెద్ద లెక్క కాదు.

అద్దెకు ఉంటే ఇంటివాళ్లను అడగండి. "అమ్మా, ఆ రెండు వేలు మేం పెట్టుకుంటాం, పెట్టించుకోనివ్వండి" అంటే కాదనేవాళ్లు తక్కువ. ఒప్పుకోకపోతే లీకేజీ రక్షణ ఉన్న ప్లగ్గు అడాప్టర్ కొని వాషింగ్ మెషీన్‌కో గ్రైండర్‌కో వాడండి. ఖాళీ చేసేటప్పుడు మీతో తీసుకుపోవచ్చు.

పెట్టించాక నెలకోసారి టి బటన్ నొక్కాలి. టక్కున పడాలి. పడకపోతే అది చెడిందన్నమాట, అదే రోజు మార్పించండి. కరెంటు బిల్లు కట్టిన రోజే ఈ పనీ పెట్టుకుంటే మరిచిపోరు.

తుపాను వచ్చినప్పుడు

2014లో హుద్‌హుద్ విజయనగరాన్ని, 2018లో తిత్లీ ఉద్దానాన్ని ఎన్ని రోజులు చీకట్లో ఉంచాయో మనకు తెలుసు. 2021లో గులాబ్ కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. అలాంటప్పుడు మోటారుకు, ఫోన్ల చార్జింగుకు జనరేటర్ అద్దెకు తెస్తారు. దాన్ని ఇంటికి కలపడంలో రెండు దారులున్నాయి. రెండు పక్కలా పిన్నులున్న వైరు చేసి గోడ ప్లగ్గులో గుచ్చడం ఒకటి, ఇంటిని మెయిన్ నుంచి జనరేటర్‌కు మార్చే చేంజోవర్ స్విచ్ పెట్టించడం రెండోది. మొదటిది ఎంత అవసరమున్నా చెయ్యకండి. మెయిన్ ఆపడం మరిచారంటే మీ జనరేటర్ కరెంటు సర్వీసు వైరు వెంట వెనక్కి పోయి, ట్రాన్స్‌ఫార్మర్‌లో పైకెక్కి 11 వేల వోల్టుల లైనుగా మారుతుంది. ఆ లైను చచ్చి ఉందనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ మనకు కరెంటు తేవడానికి వచ్చినవాడు. పైగా ఆ వైరు బయటి పిన్నులు ముట్టుకుంటే మీకే షాక్. చేంజోవర్ స్విచ్‌కు ఒకేసారి రెండు వైపులా కలిసే వీలే ఉండదు. తుపాను రోజుల్లో ఎలక్ట్రీషియన్ దొరకడు కాబట్టి సెప్టెంబరు లోపే పెట్టించండి. అది లేకపోతే జనరేటర్ నుంచే విడిగా వైరు లాగి మోటారుకు, చార్జర్లకు ఇవ్వండి, ఇంటి వైరింగ్ జోలికి పోకండి. జనరేటర్ను గదిలో కాకుండా బయట పెట్టండి, దాని పొగ మనిషిని నిద్రలోనే చంపుతుంది.

నీళ్లు ఇంట్లోకి వస్తున్నాయంటే ప్లగ్గుల ఎత్తుకు చేరకముందే, పొడి చేతులతో, పొడి చోట నిలబడి మెయిన్ ఆపేయాలి. అప్పటికే నీళ్లలో నిలబడి ఉంటే డబ్బా దగ్గరికి పోవద్దు, బయటికి వచ్చి 1912కు చెప్పండి. నీళ్లు తగ్గాక మునిగిన ఎమ్‌సీబీలను, ఆర్‌సీసీబీని ఎండలో ఆరబెట్టి మళ్లీ బిగించడం మన దగ్గర మామూలే, కాని లోపల బురద, ఉప్పు చేరిన పరికరం అవసరమైన రోజున కదలదు. అవి మార్చాల్సిందే. గోడలు ఆరాక ఎలక్ట్రీషియన్ చేత వైర్ల ఇన్సులేషన్ కొలిపించి, ఒక్కొక్క లైనే ఆన్ చేసుకుంటూ రావాలి. ఏ లైను ఎత్తగానే ఆర్‌సీసీబీ పడితే దాన్ని అలాగే ఆపి ఉంచి, మిగతా వాటితో ఆ రాత్రి గడపండి.